అల్లిన చెయ్యి, అమ్మిన చెయ్యి



బ్రిటన్‌లో స్థిరపడిన మన గోదావరి జిల్లాల వాళ్ళ ఇంటికి వెళితే, ఎక్కడో ఒకచోట నరసాపురం లేసు కనబడకుండా ఉండదు. టీపాయ్ మీద గుండ్రటి డాయిలీ, దేవుడి మందిరం ముందు చిన్న తెర, లేదంటే పిల్ల పెళ్ళికని పెట్టె అడుగున దాచిన పెద్ద టేబుల్ క్లాత్. ఇంగ్లీషు స్నేహితులు చూసి ముచ్చటపడితే మనం మురిసిపోయి, "మా ఊరిదండీ, చేత్తో అల్లింది" అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ చెయ్యి ఎవరిదో, దానికి ఎంత ముట్టిందో వాళ్ళూ అడగరు, మనమూ చెప్పం. ఈ సంచికలో ఆ సంగతే కాస్త మాట్లాడుకుందాం.

ఫెయిర్ ట్రేడ్ అనే మాట ఈ దేశంలో ఉన్నవాళ్ళకు కొత్త కాదు. టీ పొడి మీద, అరటిపళ్ళ మీద, చాక్లెట్ మీద ఆ గుర్తు చూసి కొనే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఘనా స్త్రీలు అల్లిన గడ్డి బుట్ట కనిపిస్తే పది పెన్నీలు ఎక్కువైనా పరవాలేదని కొంటాం. మన ఊరి లేసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బేరమాడేస్తాం. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు, మనవాళ్ళ పనికి ఆ న్యాయం వర్తిస్తుందని మనకి తోచదు.

ఇక్కడి నుంచే అక్కడికి

లేసు అల్లిక గోదావరి ఒడ్డున పుట్టింది కాదు. ఈ దేశం నుంచే వెళ్ళింది. 1836లో డెవన్ కౌంటీలోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఓడెక్కి వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. డెవన్ అంటే లేసుకు పేరు పడ్డ సీమ. 1840లో విక్టోరియా రాణి పెళ్ళి దుస్తుల మీద మెరిసింది ఆ కౌంటీ స్త్రీలు చేసిన హానిటన్ లేసే. గోదావరి డెల్టాలో అల్లిక నేర్పింది మాత్రం మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులని, 1844 నాటి మాటని చెబుతారు. హానిటన్ లేసు దిండు మీద బాబిన్లతో చేసేది, మనది ఒక్క కొక్కెం సూదితో అల్లే క్రోషే. పని వేరైనా, అది చేరవలసిన బజారు ఒకటే.

మొదట్లో మిషనరీలే ఆ లేసును ఇక్కడి స్నేహితులకు పంపి, అమ్మగా వచ్చిన డబ్బు అల్లినవాళ్ళకు ఇచ్చేవారు. 1900 ప్రాంతానికి స్థానికులు ఎగుమతి వ్యాపారంలోకి దిగారు. ఏజెంటు ఊళ్ళోకి దారం ఉండలు తెచ్చి ఇస్తాడు, ఇల్లాళ్ళు అల్లుతారు, ఏజెంటు వచ్చి పట్టుకుపోతాడు, ముక్కల లెక్కన డబ్బు ఇస్తాడు. ఒకామె పువ్వులు అల్లితే, ఇంకొకామె వాటిని కలిపే అతుకు పని చేస్తుంది. తను అల్లిన పువ్వు చివరికి టేబుల్ క్లాత్ అయిందో, దిండు గలీబు అయిందో చాలామందికి తెలియదు. ఏ దేశం వెళ్ళిందో, ఎంతకి అమ్ముడుపోయిందో అసలే తెలియదు.

"పనేంటే తల్లీ!"

మా పెద్దమ్మది పాలకొల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద చేరగిలబడి, కబుర్లు చెబుతూనే చేతివేళ్ళు ఆడిస్తూ ఉండేది. సూది వైపు చూసేదే కాదు. సాయంత్రం దీపం పెట్టాక మళ్ళీ మొదలు. సెలవులకి వెళ్ళినప్పుడు "ఎంతసేపు పని చేస్తావు పెద్దమ్మా?" అని అడిగితే, "పనేంటే తల్లీ! ఊరికే కూర్చోలేక అల్లుకుంటున్నాను" అనేది. ఆ డబ్బుతోనే మా అక్క హైస్కూలు ఫీజు కట్టేవారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ "ఊరికే" అన్న మాట వెనకాల ఉన్న లెక్కను బయటపెట్టినావిడ మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. 1970ల చివర నరసాపురం ప్రాంతంలో తిరిగి, ఇల్లాళ్ళతో మాట్లాడి, అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం అధ్యయనం చేశారు. అది 1982లో లండన్‌లోని జెడ్ ప్రెస్ ద్వారా 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అన్న పుస్తకంగా వచ్చింది. ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో చదివే పుస్తకమది. మన ఊరి పేరు అట్ట మీద ఉన్నా మనలో చదివినవాళ్ళు తక్కువే. మీస్ గారు 2023లో కన్నుమూశారు.

ఆవిడ తేల్చిన విషయం సూటిగా చెబుతాను. ఇంటి పని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలకు, ఎనిమిది గంటల పనికి సగటున ముట్టింది 56 పైసలు. వ్యవసాయ కూలికి వెళ్ళే స్త్రీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడో వంతు కూడా కాదు. మరోవైపు రాష్ట్రం నుంచి జరిగే హస్తకళల ఎగుమతి ఆదాయంలో లేసుదే సింహభాగం. కొందరు ఎగుమతిదారులు బాగా సంపన్నులయ్యారు. ఇది ఎలా సాధ్యమైందంటే, అల్లేవాళ్ళను ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. వాళ్ళు ఇల్లాళ్ళు, అది తీరిక వేళ కాలక్షేపం, వచ్చేది పైఖర్చుకి అన్నారు. ఆ మాట వ్యాపారి అన్నాడు, ఇంట్లో మగవాళ్ళు అన్నారు, చివరికి అల్లే ఆడవాళ్ళే నమ్మారు. గడప దాటి కూలికి వెళ్ళడం పరువు తక్కువ అనుకునే కుటుంబాల్లో, ఎంత తక్కువిచ్చినా మారుమాట్లాడే వీలు లేకపోయింది.

నాటింగ్‌హామ్‌లోనూ ఇదే కథ

ఇదంతా మన వెనుకబాటుతనం అనుకుంటే పొరపాటు. నేను ఉండేది నాటింగ్‌హామ్‌లో. ఒకప్పుడు ప్రపంచపు మెషిన్ లేసు రాజధాని ఇది. ఊరి మధ్యన లేస్ మార్కెట్ అనే పేట ఇప్పటికీ ఉంది, 1855లో తెరిచిన ఆడమ్స్ బిల్డింగ్ లాంటి ఎర్ర ఇటుకల గోదాములతో. మెషిన్ల మీద లేసు తయారైనా, అదనపు దారాలు కత్తిరించడం, అంచులు దిద్దడం, బద్దీలు విడదీయడం లాంటి పనులు చుట్టుపక్కల ఇళ్ళలోని స్త్రీలకు, పిల్లలకు ముక్కల లెక్కన ఇచ్చేవారు. మధ్యలో పని పంచే మధ్యవర్తి స్త్రీలు ఉండేవారు, వాళ్ళ వాటా వాళ్ళు పట్టుకునేవారు. మన ఏజెంటు పద్ధతే.

తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ ముక్కల లెక్కకి చివరికి చట్టం వచ్చింది. 1998 కనీస వేతన చట్టం ఇంటి దగ్గర పని చేసేవారికి కూడా వర్తిస్తుంది. పనిగంటలు లెక్కపెట్టడం కుదరని ముక్కల పనికి 'న్యాయమైన పీస్ రేటు' కట్టాలి. లెక్క చాలా తేలిక. మామూలు పనివాళ్ళు గంటకు సగటున ఎన్ని ముక్కలు చేస్తారో పరీక్షించి చూడాలి. ఆ సంఖ్యను 1.2తో భాగించాలి, నిదానంగా చేసేవారికి నష్టం రాకుండా. గంట కనీస వేతనాన్ని ఆ వచ్చిన సంఖ్యతో భాగిస్తే ఒక్క ముక్కకి ఇవ్వాల్సిన ధర వస్తుంది. గంటకు 12 ముక్కలు అనుకోండి. 1.2తో భాగిస్తే 10. గంట వేతనం 12 పౌన్లనుకుంటే ముక్కకి 1 పౌను 20 పెన్నీలు.

చట్టం ఉన్నంత మాత్రాన అందరికీ అందుతోందని కాదు. 2020లో లెస్టర్ బట్టల ఫ్యాక్టరీల కూలి రేట్ల మీద ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కానీ లెక్క ఎలా వేయాలో తెలియడం మొదటి మెట్టు. ఇంటి దగ్గర పని చేసేవారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. దాన్ని భారతదేశమూ ఆమోదించలేదు, బ్రిటనూ ఆమోదించలేదు. కనుక లేసు అల్లేవారి విషయంలో ఆ లెక్క వేయవలసింది కొనేవాళ్ళమే.

చౌక ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక సంగతి గమనించండి. నాటింగ్‌హామ్ లేసుకు మెషిను ఉంది. క్రోషే కుట్టును అచ్చంగా అల్లే మెషిన్ బజారులో లేదు. దాన్ని పోలిన మెషిన్ లేసు చైనా నుంచి కుప్పలుగా వస్తుంది కానీ అది వేరు, తిప్పి చూస్తే తెలిసిపోతుంది. అంటే నిజమైన క్రోషే ముక్క ఏది చూసినా, దానిలో ఒక మనిషి కూర్చుని గడిపిన గంటలున్నాయి. దారం ఖర్చు కొద్దిపాటిదే. మరి అలాంటి వస్తువు మరీ చౌకగా దొరికిందంటే తగ్గింది దేని ధర? ఆ గంటల ధరే.

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. ఇవి నేను ఊహించిన అంకెలే సుమా. ఒక డాయిలీకి చేయి తిరిగినావిడకి మూడు గంటలు పడుతుందనుకుందాం. ఆవిడకి అరవై రూపాయలు ఇస్తే గంటకి ఇరవై రూపాయలు. అదే డాయిలీ ఇక్కడ ఏ క్రాఫ్ట్ ఫెయిర్‌లోనో ఆరు పౌన్లకి అమ్ముడవుతుంది. ఆవిడ కూలిని రెట్టింపు చేసినా మనకి పెరిగేది సుమారు అరపౌను. మనం ఒక్క కాఫీకి ఇచ్చే డబ్బులో అది చిన్న ముక్క. అక్కడ మాత్రం ఒక ఇంటి ఆదాయం రెట్టింపు అవుతుంది.

ఆఫ్రికా అక్కచెల్లెళ్ళు చూపిన దారి

కూలి పెరగడం ఒక్కటే చాలదు. అమ్మే చెయ్యి కూడా అల్లినవాళ్ళదే అయితే తప్ప అది నిలవదు. ఈ పాఠం ఆఫ్రికా బాగా చెబుతుంది.

ఘనాలో కోకో రైతులు 1993లో కువాపా కోకూ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1998లో ఇక్కడ లండన్‌లో చాక్లెట్ కంపెనీ మొదలైనప్పుడు రైతులకు అందులో వాటా ఇచ్చారు. అదే డివైన్ చాక్లెట్. 2006లో బాడీ షాప్ తన వాటాను రైతులకే ఇచ్చేయడంతో వాళ్ళ భాగం 45 శాతానికి చేరింది. గింజలు అమ్మి ఊరుకోకుండా, చాక్లెట్ మీద వచ్చే లాభంలోనూ, బోర్డు నిర్ణయాల్లోనూ రైతులు కూర్చున్నారు. 2020లో ఒక జర్మన్ కంపెనీ డివైన్‌లో ఎక్కువ వాటా తీసుకుంది, రైతుల భాగం తగ్గింది. అయినా రైతు వాటాదారుగా ఉండవచ్చని ఆ ప్రయోగం రుజువు చేసింది.

రువాండాలో 1994 మారణహోమం తర్వాత భర్తల్ని, బిడ్డల్ని పోగొట్టుకున్న హుటు, టుట్సీ స్త్రీలు ఒకే చెట్టు కింద కూర్చుని అగసెకే బుట్టలు అల్లారు. గహయా లింక్స్ అనే సంస్థను నడిపింది ఇద్దరు అక్కచెల్లెళ్ళు. 2005 నుంచి ఆ బుట్టలు అమెరికాలో మేసీస్ షాపుల్లో అమ్ముడయ్యాయి. అల్లిక వాళ్ళకి ముందే వచ్చు. కొత్తగా వచ్చింది కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడే అవకాశం.

ఇక్కడ ఒక చిన్న వివరం. సూపర్ మార్కెట్లో మనం చూసే ఫెయిర్‌ట్రేడ్ గుర్తు ఈ దేశంలో మొదట 1994లో వచ్చింది. అది ముఖ్యంగా పంటలకు, పత్తికి, బంగారానికి ఇచ్చేది. బుట్టలు, లేసు లాంటి చేతి పనులకు ఆ గుర్తు ఉండదు. వాటికి వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ వాళ్ళ పది సూత్రాలున్నాయి, వాటిని పాటించే సంస్థలకే గుర్తింపు. కనుక లేసు మీద గుర్తు లేదని కంగారు పడక్కరలేదు, ఉందని ఎవరన్నా చెబితే నమ్మనూ అక్కరలేదు. అమ్మే సంస్థ ఏమిటో చూడాలి.

మన దగ్గర ఏముంది?

మన రాష్ట్రంలోనూ దారి లేకపోలేదు. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే పెట్టుబడి పెట్టుకుని, సభ్యులే బోర్డును ఎన్నుకునే వీలు కల్పించింది. డ్వాక్రా గ్రూపులతో పొదుపు, బ్యాంకు లెక్కలు అలవాటైన స్త్రీలకు అది కలిసొచ్చింది. నరసాపురం దగ్గర సీతారామపురం లేసు పార్కు కేంద్రంగా అలంకృతి పేరుతో లేసు అల్లేవారి సంఘాల సమాఖ్య ఏర్పడింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అయితే ఈ జీఐ గుర్తింపు ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవాలి. ఎక్కడో చేసిన సరుకును నరసాపురం లేసు అని అమ్మకుండా పేరును కాపాడుతుంది. అల్లినావిడకి గంటకి ఎంత ఇవ్వాలో అది చెప్పదు. అలాగే 2025 జులైలో భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. బట్టల మీద సుంకాలు ఎత్తేయడం అందులో ఒక భాగం. సుంకం పోతే మిగిలే డబ్బు ఎవరి జేబులోకి వెళుతుంది? అడిగేవాళ్ళు లేకపోతే ఎప్పటిలాగే మధ్యలోనే ఆగుతుంది.

మన సంఘం ముందున్న ప్రశ్న

ఇంత చెప్పడానికి ఒక కారణం ఉంది. దీపావళి సంబరాలకి వచ్చే అతిథులకు లేసు డాయిలీలు జ్ఞాపికగా ఇద్దామని మన మహిళా విభాగం అనుకుంటోంది. చక్కటి ఆలోచన. మూడు ధరలు వచ్చాయి. అన్నిటికంటే తక్కువ చెప్పినవారు, అల్లేవారికి ఎంత ఇస్తారో చెప్పలేదు. "అదంతా మా ఏజెంటు చూసుకుంటాడండీ" అన్నారు. ఆ మాట మీస్ గారి పుస్తకంలో లేకపోవచ్చు, పద్ధతి మాత్రం అదే.

మహిళా సంఘం దగ్గర కొందామని నేనంటే కొందరు అక్కలు న్యాయమైన సందేహాలే అడిగారు. సంఘాల వాళ్ళు సమయానికి పంపుతారా? అన్నీ ఒకే కొలతలో వస్తాయా? మరకలు, ముడులు ఉంటే వెనక్కి తీసుకుంటారా? వ్యాపారి ఆ బాధ్యత తను మోస్తాడు, దానికే కదా లాభం తీసుకుంటాడు అన్నారు. నిజమే. మధ్యవర్తి ఊరికే తినడు. పెట్టుబడి పెడతాడు, నమూనాలు తెస్తాడు, సరుకు పోతే నష్టం భరిస్తాడు. సంఘాలకు లేనిది ఆ పెట్టుబడే, ఆ అనుభవమే. 1979లో న్యూకాజిల్‌లో పుట్టి నలభై ఏళ్ళు ఫెయిర్ ట్రేడ్‌కి మారుపేరుగా నిలిచిన ట్రేడ్‌క్రాఫ్ట్ కంపెనీయే 2023 జనవరిలో మూతపడింది. మంచి ఉద్దేశం ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదని అందరికీ తెలిసొచ్చింది.

అందుకే నా సూచన దయాధర్మం గురించి కాదు. మనం కూడా ఆ బాధ్యతలో కొంత తీసుకుందాం అంటున్నాను. ఆర్డర్ నాలుగు నెలల ముందే ఇద్దాం. ఫెయిర్ ట్రేడ్ సూత్రాల్లో ఉన్నట్టే సగం డబ్బు ముందే పంపుదాం, దారం కొనడానికి వాళ్ళు అప్పు చేయనక్కరలేకుండా. ఒక నమూనా ముక్క తెప్పించుకుని, కొలత ఖాయం చేసి, ఆ తర్వాతే మిగతావి అల్లమందాం. అతిథులు రెండు వందల మంది అనుకుంటే, ముక్కకి ఒక పౌను ఎక్కువైనా మొత్తం మీద రెండు వందల పౌన్లు. మన పోయిన ఏడాది వేడుకలో వేదిక పూల అలంకారానికే అంతకంటే ఎక్కువైంది.

ఆర్డర్ ఎవరికిచ్చినా సరే, నాలుగు ప్రశ్నలు అడిగి తీరాలని నా మనవి. మీరు మీ ఇంటికి కొనుక్కున్నా, అమ్మాయి పెళ్ళికి తెప్పించుకున్నా ఇవే అడగండి. ఈ ముక్కకి ఎన్ని గంటలు పట్టింది? అల్లినావిడ చేతికి ఎంత వచ్చింది? ఎన్నాళ్ళకి వచ్చింది? ఆ లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? చివరి ప్రశ్నకి "మా దగ్గరే, మేమే రాస్తామండీ" అని ఒక అల్లేవారి గొంతు జవాబిస్తే, కళ్ళు మూసుకుని కొనండి. జవాబు రాకపోతే మరోచోట అడగండి. పది మంది కొనేవాళ్ళు అడగడం మొదలుపెడితే, చెప్పేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బయల్దేరతారు.

ఈ సంచిక చదివే అన్నయ్యలు, అక్కయ్యలు, మీ అమ్మగారో అత్తగారో లేసు అల్లినవారైతే, వాళ్ళని ఒక్కసారి ఫోన్‌లో అడగండి, ఆ రోజుల్లో ముక్కకి ఎంత ఇచ్చేవారో, ఆ డబ్బు ఇంట్లో దేనికి వాడేవారో. ఆ కబుర్లు సంఘం చిరునామాకి రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ శీర్షిక జాగా వాటికే ఇస్తాను. అంతవరకు సెలవు.